అడుగు చూసి వాయించేవాళ్ళు

విశాఖలో ఉండే ఒక స్నేహితుడితో పోయిన నెల ఫోన్లో వాదన పడింది. నాకు తెలిసినవాళ్ళలో జాజ్ బాగా విన్న మనిషి. అమెరికన్ జాజ్ స్వరకర్త, బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ రాసిన ‘ది రివర్’ వింటున్నానని చెప్పగానే, "అది బాలేకి రాసింది కదా, దాన్ని పట్టుకుని ఎలింగ్టన్‌ని అంచనా వెయ్యకు. నాట్యానికి రాసిన జాజ్ ఎప్పుడూ సగం జాజే. డాన్సర్లు లెక్క పెట్టుకోవాలి కాబట్టి సంగీతం బుద్ధిగా నడవాల్సిందే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

అందులో కొంత నిజం ఉంది కాబట్టే వదల్లేదు. జాజ్‌కి ప్రాణం అప్పటికప్పుడు పుట్టే స్వరం. నాట్యానికేమో ముందే కూర్చిన అడుగులు కావాలి. ఈ రెంటినీ ఒకచోట కూర్చోబెడితే ఎవరో ఒకరు తగ్గాలి, సాధారణంగా తగ్గేది సంగీతమే అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. నాట్యం కోసం రాసినప్పుడు జాజ్ తగ్గలేదు, చాలాసార్లు అక్కడే ఎదిగింది. అయితే దీనికి ఒక షరతు ఉంది. వాయించేవాడికి ఆడేవాళ్ళ కాళ్ళు కనబడాలి. ఆ షరతు తీసేస్తే నా స్నేహితుడు అన్నది నిజమైపోతుంది.

ఒడిశాలోని రాయగడలో కూర్చుని ఈ మాట అంటున్నాను. ఇక్కడ జాజ్ కచేరీ జరగదు, బాలే రాదు. కానీ ఆడేవాళ్ళని చూస్తూ వాయించేవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అందుకే ఈ విషయం మీద మాట్లాడే అర్హత మాకూ ఉందనుకుంటున్నాను.

నది ముక్కలు ముక్కలుగా వచ్చింది

‘ది రివర్’ 1970లో వచ్చింది. అమెరికన్ బాలే థియేటర్ కోసం నాట్యం కూర్చినవాడు ఆల్విన్ ఐలీ, సంగీతం ఎలింగ్టన్. ఊటగా పుట్టిన నీరు మలుపులు తిరిగి, గలగలా నవ్వే ఝరిగా గెంతి, సరస్సులో కాసేపు ఆగి, జలపాతంగా దూకి, సుడిగుండంలో పడి చివరికి సముద్రం చేరే కథ. నాగావళి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కలహండి కొండల్లో పుట్టి, మా ఊరి పక్కనుంచి పోయి, శ్రీకాకుళం దాటి సముద్రంలో కలిసే ఏరుని చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. మలుపుల భాగం వింటుంటే ఎండాకాలంలో రాళ్ళ మధ్య సన్నగా దారి వెతుక్కునే నాగావళే నాకు కనిపిస్తుంది.

ఈ రచన గురించి నాకు బాగా నచ్చిన సంగతి దాని పుట్టుకలో ఉంది. ఎలింగ్టన్ అప్పటికి డెబ్భై దాటినా బ్యాండుతో ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు. ఐలీకి రాసిన సంగీతం మొత్తం ఒక్కసారిగా చేతికి రాలేదు. ఒక్కో ముక్కా వస్తుంటే ఆయన దాని మీద అడుగులు కట్టుకుంటూ పోయాడు. తొలి ప్రదర్శన నాటికి కూడా అన్ని భాగాలూ సిద్ధం కాలేదు. ఇంకా తయారవుతున్న రచన నుంచి ఏడు నాట్యాలు అని చెప్పే వేదిక ఎక్కించారు. ఇది ఎలింగ్టన్ అలసత్వమని రాసినవాళ్ళు ఉన్నారు. ఐలీ ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఊహించుకోవచ్చు. అయినా ఈ ముక్కల వ్యవహారం నాకు లోపంలా అనిపించదు. ఎలింగ్టన్ జీవితమంతా అలాగే రాశాడు. ఫలానా మనిషి ఫలానా వాయిద్యం మీద ఎలా ఊపిరి తీసుకుంటాడో తెలుసుకుని ఆ మనిషి కోసం రాశాడు. ఇక్కడ వాయిద్యగాళ్ళతో పాటు ఆడేవాళ్ళు కూడా లెక్కలోకి వచ్చారు, అంతే.

ఆయనకి ఆ అలవాటు బాలేతో రాలేదు. 1927 డిసెంబరులో న్యూయార్క్‌లోని నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో చేరినప్పటినుంచి రాత్రి రాత్రికీ ఆటకత్తెలకీ టాప్ డాన్సర్లకీ పాటలు అల్లుకుంటూ పోవడమే ఆయన ఉద్యోగం. ఒక అంశానికి ఒక రంగు, ఇంకో అంశానికి ఇంకో నడక. కూర్పులో ఎలింగ్టన్ చేయి తిరిగింది ఆ ఫ్లోర్ షోల దగ్గరే అని జాజ్ చరిత్రకారులే చెబుతారు. అక్కడ వాయించేవాళ్ళూ ఆడేవాళ్ళూ నల్లవాళ్ళు, టికెట్ కొని కూర్చునేవాళ్ళు మాత్రం తెల్లవాళ్ళే. ఆ అవమానం సంగతి మరిచిపోయి ఆ సంగీతాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. కానీ ఆ అవమానం మధ్యనే ఆయన నేర్చుకున్న పని గొప్పది.

1965లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథడ్రల్‌లో పవిత్ర సంగీత కచేరీ చేసినప్పుడు కూడా ఎలింగ్టన్ డాన్సర్‌ని వెంట తీసుకెళ్ళాడు. దావీదు దేవుడి ముందు నాట్యం చేశాడన్న బైబిల్ ఘట్టం వచ్చినప్పుడు బన్నీ బ్రిగ్స్ అనే టాప్ డాన్సర్ చర్చిలో కాళ్ళతో వాయించాడు. వాయించాడనే అంటాను. టాప్ డాన్సర్ బూట్ల కింద లోహపు రేకు ఉంటుంది, అది నేలకి తగిలితే వచ్చే ప్రతి దెబ్బా తాళంలో భాగమే. పేరున్న జాజ్ డ్రమ్మర్లలో బడ్డీ రిచ్, ఫిల్లీ జో జోన్స్ ఇద్దరూ టాప్ డాన్స్ ఆడినవాళ్ళే. డ్రమ్మర్ నాలుగు బార్లు, అంటే నాలుగు తాళపు చుట్లు, వాయిస్తే డాన్సర్ నాలుగు బార్లు కాళ్ళతో జవాబిచ్చే పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది. మన కచేరీల్లో మృదంగం, ఘటం మాట్లాడుకున్నట్టే. డాన్సర్‌ని బ్యాండులో ఒక మనిషిగా లెక్కేసుకున్నాక, నాట్యం కోసం సంగీతం తగ్గిందనే మాటకి చోటెక్కడుంది?

కూర్చుని వింటేనే గొప్పదా

నా స్నేహితుడి మాట వెనక పాత నమ్మకం ఒకటుంది. జనం ఆడటం మానేసి కుర్చీల్లో కూర్చుని వినడం మొదలుపెట్టాకే జాజ్ కళ అయిందని. 1940లలో బీబాప్ అనే కొత్త జాజ్ పద్ధతి వచ్చాక ఇది స్థిరపడిపోయింది. కానీ జనం ఆడటం మానడానికి కారణం సంగీతం ఎదగడం ఒక్కటే కాదు. 1944లో అమెరికా ప్రభుత్వం డాన్స్ ఫ్లోర్ ఉన్న క్లబ్బుల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసింది, అదే ఏడాది దాన్ని 20కి తగ్గించింది. పాటగాళ్ళు లేకుండా, ఆట లేకుండా ఉత్త వాయిద్యం పెడితే ఆ పన్ను లేదు. యజమానులు డాన్స్ ఫ్లోర్ మీద కూడా టేబుళ్ళు వేసేశారు. యుద్ధకాలం, పెద్ద బ్యాండుల ఖర్చు లాంటివి ఎలాగూ ఉన్నాయి. పన్ను లెక్కల్లోంచి కూడా పుట్టిన అలవాటుని ఉత్తమ అభిరుచికి గుర్తుగా ఎందుకు తీసుకోవాలి?

మన దగ్గర కూడా ఇదే జరిగింది. క్షేత్రయ్య పదాలు అభినయానికే బతికాయి. వాటిని కాపాడినవాళ్ళు ఆడుతూ పాడుతూ వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళు. వీణ ధనమ్మాళ్ ఇంటి నుంచి వచ్చిన భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి ఆడుతుంటే తల్లి జయమ్మాళ్ పాడేవారు. రాగం లోతు తెలియాలంటే ఆ ఇంటి పదాలు వినాలని కచేరీ విద్వాంసులే ఆ ఇంటికి వెళ్ళి నేర్చుకున్నారు. నాట్యానికి కట్టిన సంగీతం పల్చనైతే ఇలా జరిగేదా? ఒక హావభావానికి ఎంత సేపు కావాలో అంత సేపు ఆగాల్సి రావడం వల్లే ఆ రాగం నెమ్మదిగా లోపలికి దిగింది. పదం ఆట వల్లే పదమైంది.

ఒడిస్సీలో మాకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గురు కేలుచరణ్ మహాపాత్ర కూర్చిన పల్లవులనే నృత్యాంశాల్లో చాలావాటికి సంగీతం పండిట్ భువనేశ్వర్ మిశ్రా. ఆయన వయొలిన్ నేర్చుకున్నది విజయనగరంలో, ద్వారం వెంకటస్వామి నాయుడిగారి దగ్గర. కేలుచరణ్ స్వయంగా మర్దల అనే తాళవాద్యం వాయించేవారు. అంటే అడుగు కట్టేవాడికి వాయించడం వచ్చు, స్వరం కట్టేవాడికి తెలుగు నేల మీద నేర్చిన గమకం వచ్చు. పల్లవిలో సాహిత్యం ఉండదు. రాగం, తాళం, శరీరం ఈ మూడే ఉంటాయి. కథ లేదు కాబట్టి దాచుకోవడానికి ఏమీ ఉండదు. నాట్యం కోసం స్వరం రాయడమంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్ళని నేను ముందుగా ఒక పల్లవి చూడమంటాను, ఎలింగ్టన్ దగ్గరికి తర్వాత వెళ్ళవచ్చు. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న మనం ఈ సంగతి చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు.

పెన్‌డ్రైవ్ ఆగిపోయినప్పుడు

మా అక్క కూతురు రాయగడలోనే డాన్స్ క్లాసుకి వెళుతుంది. అందులో జాజ్ అని ఒక విభాగం ఉంది. అక్కడ వాళ్ళు ఆడే పాటల్లో జాజ్ ఏమీ ఉండదు, కంప్యూటర్ మీద తయారైన బీట్ ఉంటుంది. ఇది మా ఊరి మాస్టారు తప్పు కాదు. ప్రపంచమంతా అలాగే ఉంది. జాజ్ డాన్స్ అనే శిక్షణ 1950ల తర్వాత మెల్లమెల్లగా జాజ్ సంగీతాన్ని వదిలేసి, ఏ పాట వస్తే ఆ పాట మీదికి వెళ్ళిపోయింది.

ఆ శిక్షణకి మూలపురుషుడని చెప్పుకునే జాక్ కోల్ 1930ల చివర్లో న్యూయార్క్ నైట్‌క్లబ్బుల్లో చేసిన పని తెలిస్తే మన కూచిపూడి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆయన భరతనాట్యం అడుగులూ చేతులూ నేర్చుకుని వాటిని స్వింగ్ అనే ఊపున్న జాజ్ సంగీతం మీద ఆడించాడు. మోకాళ్ళు వంచి కూర్చున్న భంగిమ, ఒంట్లో ఒక్క భాగాన్నే విడిగా కదిలించడం ఆయన ద్వారా ఆ శిక్షణలోకి వెళ్ళాయి. మా పిల్ల క్లాసులో నేర్చుకుని వచ్చి అద్దం ముందు మెడని మాత్రమే అటూ ఇటూ జరుపుతుంటే, అది ఎంత దూరం తిరిగి మళ్ళీ మన ఇంటికి వచ్చిందా అనిపిస్తుంది.

ఒక వార్షికోత్సవంలో తను ఆడుతుండగా పెన్‌డ్రైవ్ ఇరుక్కుంది. పాట ఆగి, ఒక క్షణం తర్వాత ఇంకెక్కడినుంచో మొదలైంది. పిల్ల నిలబడిపోయింది. పెదాలు మాత్రం "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అనుకుంటూనే ఉన్నాయి. ముందు వరసలో ఉన్న నాకు ఆ పెదాలు స్పష్టంగా కనబడ్డాయి. లెక్క తన దగ్గరే ఉంది, కానీ ఆ లెక్కని అందుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఇంటికొచ్చాక, "పిన్నీ, స్టెప్పులన్నీ గుర్తున్నాయి, కానీ పాట ఎక్కడుందో తెలీలేదు" అంది.

అదే సాయంత్రం కాశీపూర్ వైపు నుంచి ఒక థింసా బృందం వచ్చింది. వెనకనుంచి నడుముల చుట్టూ చేతులు పెనవేసుకుని ఆడపిల్లలు వరసగా కదులుతున్నారు. డోలు, టమక, సన్నాయి లాంటి మహురి వాయించేవాళ్ళు పక్కన నేల మీద ఉన్నారు. మధ్యలో ఒక పిల్ల కాలి గజ్జెల తాడు ఊడిపోయింది. తను వరస విడిచి పక్కకి వచ్చి వంగి ముడి వేసుకుంటోంది. డోలు వాయించే పెద్దాయన చెయ్యి తేలిక చేసి అదే చుట్టుని మళ్ళీ మళ్ళీ తిప్పాడు. మహురి అతను పాట తోకని పట్టుకుని దాన్నే సాగదీస్తూ ఉన్నాడు. పెద్దాయన చూపు ఆ పిల్ల వేళ్ళ మీదే ఉంది. తను లేచి మళ్ళీ చేతులు కలిపాక రెండడుగులు వెయ్యనిచ్చి, అప్పుడు ఒక బరువైన దెబ్బ వేశాడు. వరసంతా ఒక్కసారి వంగి మలుపు తిరిగింది. హాల్లో సగం మందికి అసలు ఏదో జరిగిందనే తెలియదు.

తర్వాత టీ దగ్గర ఆయన్ని అడిగాను. దేశియా ఒడియాలో చెప్పిన జవాబు ఇది. "పిల్ల రాకుండా మలుపు ఎలా ఇస్తానమ్మా? వరస తెగిపోదా?" ఆయనకి అది అడగవలసిన ప్రశ్నలా కూడా అనిపించలేదు.

హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ 1926 నుంచి 1958 దాకా నడిచింది. రెండు బ్యాండుల కోసం రెండు వేదికలు, కింద ఆడే జనం. 1935లో అక్కడ జరిగిన పోటీలో ఫ్రాంకీ మేనింగ్ తన జోడీని వీపు మీదుగా గాలిలో తిప్పి దించాడు. లిండీ హాప్ అనే ఆ జోడీ నాట్యంలో అలా గాలిలోకి లేచిన మొదటి అడుగు అదేనని చెబుతారు. ఆ రోజు వాయించింది చిక్ వెబ్ బ్యాండు. వెబ్ డ్రమ్మర్. కింద ఆడేవాళ్ళని గమనిస్తూ వాయించడానికి పేరుపడ్డ మనిషి. మేనింగ్ జోడీ నేల మీద దిగే క్షణానికి దెబ్బ పడాలంటే కాగితం మీద రాసుకుంటే సరిపోదు, చూడాలి. కాశీపూర్ పెద్దాయన చూసినట్టు.

నన్ను ఇబ్బంది పెట్టే విషయాలు

ఇంత చెప్పాక నాకే కొన్ని ప్రశ్నలు అడ్డం వస్తున్నాయి. వాటిని పక్కకి నెట్టి వాదన గెలవడం నాకిష్టం లేదు.

మొదటిది జాజ్ బేస్ వాద్యకారుడు, స్వరకర్త చార్లెస్ మింగస్. 1963లో ఆయన రికార్డు చేసిన ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ద సిన్నర్ లేడీ’ బాలేగా ఊహించుకుని కూర్చిన రచన. భాగాలకి నాట్యాల పేర్లే పెట్టాడు. పదకొండు మందితో చేసిన ఆ రికార్డింగులో కొన్ని చోట్ల ఒకసారి వాయించినదాని మీద మళ్ళీ వాయించి అతికించారు. అంటే కళ్ళ ముందు డాన్సర్ లేడు, తోటి వాయిద్యగాళ్ళు కూడా కొన్నిచోట్ల లేరు. అయినా అందులో ఉన్నంత ఆట నేను ఎక్కడా వినలేదు. వేగం పెరిగి పెరిగి ఊపిరాడని చోటికి వచ్చి ఒక్కసారిగా సడలిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. కాళ్ళు కనబడకుండానే ఇది సాధ్యమైతే నా షరతు ఏమవ్వాలి?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. మింగస్ డాన్సర్ల మధ్య, చర్చి పాటల మధ్య పెరిగిన సంగీతాన్ని ఒంట్లో మోసుకొచ్చాడు. కనబడని కాళ్ళు ఆయనకి జ్ఞాపకంలో ఉన్నాయి. ఆ జ్ఞాపకం లేని తరం అదే పని చెయ్యగలదా అన్నది అనుమానమే. అన్నట్టు, ఆ రికార్డులో ఏడ్చినట్టు వినిపించే ఆల్టో శాక్సఫోన్ చార్లీ మరియానోది. ఆయన తర్వాతి రోజుల్లో మన నాదస్వరం నేర్చుకున్నాడు, బెంగళూరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్ళతో కలిసి వాయించాడు. అది తెలిశాక ఆ శాక్సఫోన్‌లో మా మహురి వినిపించడం మొదలైంది. వినేవాళ్ళ చెవికి ఉండే స్వేచ్ఛ అది, దాన్ని వాదనగా పెట్టడం లేదు.

రెండోది దారియస్ మియో. ఈ ఫ్రెంచి స్వరకర్త 1922లో హార్లెమ్‌లో జాజ్ విని వెళ్ళి, మరుసటి ఏడాది పారిస్‌లో ‘లా క్రియేషన్ దు మోంద్’ అనే బాలేకి సంగీతం రాశాడు. అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ జాజ్ ఛాయలతో రాసిన ‘రాప్సడీ ఇన్ బ్లూ’ కంటే ముందే వచ్చిందది. ప్రతి స్వరం కాగితం మీద ఉంది, అప్పటికప్పుడు అల్లేది ఏమీ లేదు. నా స్నేహితుడి మాట ఎక్కడైనా నిలబడితే ఇక్కడ నిలబడుతుంది. ఎంత అందంగా ఉన్నా అది జాజ్‌ని చూసి వేసిన బొమ్మ. అయితే తప్పు నాట్యానిది కాదు. కచేరీ కోసం రాసినా ఆయన అలాగే రాసేవాడు.

మూడోది ఐలీ బృందమే. వాళ్ళు చాలా ఊళ్ళలో రికార్డు మీదే ఆడతారు. 1960లో ఐలీ కూర్చిన ‘రెవలేషన్స్’ని రికార్డు మీద చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది. నేనూ ఫోన్ తెరమీద చూసి కదిలిపోయినదాన్నే. నేను విన్న ఎలింగ్టన్ అంతా, మింగస్ అంతా రికార్డే. రికార్డు లేకపోతే రాయగడలో ఉన్న ఆడమనిషికి హార్లెమ్ ఎక్కడిది? మరి రికార్డు వద్దని నాకెందుకింత పట్టుదల?

ఇక్కడ ఒక తేడా చూస్తున్నాను. రికార్డు వింటే నేను కొంత పోగొట్టుకుంటాను, కానీ చాలా పొందుతాను. రికార్డు మీద ఆడే డాన్సర్‌కి తోడే పోతుంది. తను వేదిక మీద ఒక్కతే అయిపోతుంది. ఆగిపోయిన పాట ముందు మా పిల్ల పెదాలు కదిపినట్టు. ఐలీ డాన్సర్లు ఏళ్ళ సాధనతో ఆ ఒంటరితనాన్ని దాటగలరు. పిల్లలు దాటలేరు, దాటడం నేర్పేవాళ్ళు కూడా ఉండరు. 1991లో గార్త్ ఫాగన్ నాట్యబృందానికి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్ సంగీతం రాసి, తన వాళ్ళతో కలిసి బ్రూక్లిన్‌లో ప్రత్యక్షంగా వాయించాడు. అంత పెద్ద బృందానికి కూడా అది ప్రతి ఊళ్ళో కుదిరే పని కాదు. ఖర్చు అంత ఉంటుంది. ఖర్చు అనే మాట వచ్చినప్పుడల్లా ముందు కోతపడేది వాయించేవాళ్ళకే.

కోతపడటంలో ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. మా వైపు థింసాకి వాయించేవాళ్ళు ఎక్కువగా డొంబు కులస్థులు. తరాలుగా అంటరానితనం భరించినవాళ్ళు. ఆడేవాళ్ళకి వేదిక, ఫొటో, శాలువా. వాయించేవాళ్ళకి వేదిక పక్కన నేల. పెన్‌డ్రైవ్ వచ్చాక ఆ నేల కూడా పోతోంది. "సౌండ్ క్లారిటీ బాగుంటుంది" అనే మాట వెనక ఎవరిని పిలవక్కర్లేకుండా పోతోందో కూడా చూడాలి. కాటన్ క్లబ్ గురించి చదివినప్పుడు మనకి కోపం వస్తుంది. అదే కోపం ఇంటిదగ్గర కూడా రావాలి కదా.

పెళ్ళి బ్యాండు అతనితో

నాకు ఉపాయం తోచింది పెళ్ళి ఊరేగింపులో. జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్‌లో ఊరేగింపు బ్యాండు వెనక ఆడుకుంటూ నడిచే జనం ఉంటారు. వాళ్ళ ఊపుని బట్టి బ్యాండు నడక మారుతుంది. ‘ది రివర్’ రాసిన ఏడాదే ఎలింగ్టన్ న్యూ ఆర్లియన్స్ మీద రాసిన సూట్‌లో, అంటే కొన్ని భాగాల వరస రచనలో, ఆ జనం కోసం ఒక భాగమే పెట్టాడు. మా బ్యాండు మేళం చేసేది కూడా ఇదే. పెళ్ళికొడుకు స్నేహితులు ఆడుతుంటే ట్రంపెట్ అతను పల్లవిని ఎన్నిసార్లు తిప్పాలో వాళ్ళ ఒళ్ళు చూసి తేల్చుకుంటాడు. అలిసిపోయారనిపిస్తే పాట మార్చేస్తాడు. అతనికి జాజ్ తెలియదు. జాజ్‌కి కావలసిన ఒక పని మాత్రం రోజూ చేస్తున్నాడు.

అలాంటి ఒక ట్రంపెట్ అతన్నీ, సైడ్ డ్రమ్ వాయించే వాళ్ళ తమ్ముడినీ ఇంటికి పిలిచాను. మా అక్కకి మొదట నచ్చలేదు. "పెళ్ళి బ్యాండు మీద పిల్ల డాన్సేంటే?" అంది. మేడ మీద పిల్ల తన క్లాసు స్టెప్పులు వేసి చూపించింది. అతను కాసేపు వాయించకుండా నిలబడి చూశాడు. తర్వాత ఒక చిన్న ముక్క ఊదాడు, సినిమా పాట కాదు. పిల్ల తిరిగే చోట అది సరిపోలేదు. "ఆ తిరుగుడు మళ్ళీ చెయ్యి పాపా, కాలు ఎక్కడ దిగుతాదో చూస్తాను" అన్నాడు. మళ్ళీ చేసింది. ముక్క చివర ఒక స్వరం తీసేసి అక్కడ ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో పిల్ల కాలు దిగింది, తమ్ముడు డ్రమ్ అంచు మీద కర్రతో ఒక్క దెబ్బ వేశాడు. పిల్ల నవ్వింది. నాలుగోసారికి తను కావాలని ఆలస్యంగా దిగింది, అతను ఆగాడు.

నా స్నేహితుడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "బాగుంది కానీ ఇది జాజ్ కాదు" అన్నాడు. కాదు, నిజమే. బ్లూస్ లేదు, ఆ స్వింగ్ లేదు, ఆ చరిత్ర అసలే లేదు. ఇక్కడినుంచి జాజ్ పుడుతుందని నేను అనడం లేదు. ఎలింగ్టన్ కాటన్ క్లబ్‌లో చేసిన పని ఎలాంటిదో మా మేడ మీద కళ్ళారా చూశాను అంటున్నాను. స్వరం తీసేసి ఖాళీ వదలడం కూర్పులో పెద్ద విద్య. అది అతనికి తట్టింది పిల్ల కాలు చూసినందుకే. సంగీతం అక్కడ తగ్గిందా, పెరిగిందా అని అడిగాను. స్నేహితుడు వెంటనే జవాబివ్వలేదు. మింగస్ సంగతి మళ్ళీ ఎత్తాడు. ఆ వాదన ఇంకా సాగుతోంది.

వచ్చే కార్యక్రమంలో పిల్లకి ఆరు నిమిషాలు ఇచ్చారు. వాయించేవాళ్ళ కోసం అడిగితే నిర్వాహకులు ముందు ఒకటే మైకు అన్నారు, తర్వాత వేదిక కింద కూర్చోమన్నారు. కింద కూర్చుంటే మోకాళ్ళ కింద ఏమీ కనబడదు. వేదిక మీద, కుడి పక్కన, పిల్లకి ఎదురుగా రెండు కుర్చీలు వెయ్యాలని రాసిచ్చాను. సౌండ్ సిస్టమ్ వాళ్ళకి ఇచ్చే అద్దెలో కోత పెట్టరు కాబట్టి వీళ్ళిద్దరికీ పెళ్ళి ఊరేగింపుకి ఇచ్చే రేటు ఇవ్వమన్నాను. భోజనం, శాలువా దానికి అదనం. కుర్చీలకి ఒప్పుకున్నారు. రేటు దగ్గర ఇంకా తేలలేదు. ఆదివారం మళ్ళీ వెళ్ళి కూర్చుంటాను.